అడ్డం, నిలువు, అక్షరం: గళ్ళనుడికట్టుపై పాఠకుల ప్రశ్నలు

రోజూ పేపర్లో వచ్చే గళ్ళనుడికట్టు (క్రాస్‌వర్డ్) గురించి డెల్టా ఊళ్ళ నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఏడింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఉదాహరణలు వీలైనంతవరకు గోదావరి మాటలతోనే కట్టాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి.

ప్రశ్న: పేపరు రాగానే అడ్డం 1తో మొదలుపెడతానండి. అది తట్టకపోతే అక్కడే ఆగిపోతాను. అసలు ఏ వరసలో వెళ్ళాలి? (విశ్రాంత ఉద్యోగి, పాలకొల్లు)

జవాబు: అడ్డం 1 అంటే పైన ఎడమ మూల ఉన్నదని తప్ప, ముందు తేలాల్సినదని కాదండి. మొదటి విడతలో ఆధారాలన్నీ, అంటే మాటను పట్టుకోవడానికి ఇచ్చే సూచనలన్నీ, అడ్డాలూ నిలువులూ ఒకసారి చదివేయండి. ఏ ఒక్కదాని దగ్గరా ఆగొద్దు. చూడగానే తెలిసినవి మాత్రమే నింపండి. ఊళ్ళ పేర్లు, పురాణ పాత్రలు, సామెతలో ఖాళీ వదిలినవి ఇందులోకి వస్తాయి. "అడిగేవాడికి చెప్పేవాడు ___ (3)" అని ఉంటే (చివరి అంకె గళ్ళ సంఖ్య) "లోకువ" అని రాయడానికి ఆలోచన అక్కర్లేదు కదా. అనుమానం ఉన్న జవాబును గడి మూలలో చిన్నగా రాసుకోండి.

రెండో విడతలో ఇప్పటికే నిండిన గళ్ళను దాటుకుంటూ వెళ్ళే మాటలు పట్టుకోండి. వాటిలోనూ మొదటి గడి నిండిన మాట ముందు. మొదటి అక్షరం తెలిస్తే మాట నోటికి తొందరగా వస్తుంది, చివరి అక్షరం ఒక్కటే తెలిస్తే అంత తొందరగా రాదు. నిఘంటువు తిప్పాలన్నా అకారాది వరసే దిక్కు. ఇంకో మాట, పెన్నుతో రాయకండి. పేపరు పల్చగా ఉంటుంది, హెచ్‌బీ పెన్సిలుతో తేలిగ్గా రాస్తే చెరిపినా చిరగదు.

ప్రశ్న: "లక్ష్మి"కి ఎన్ని గళ్ళండీ? మా అబ్బాయి మూడంటాడు, నేను రెండంటాను. సున్నకి వేరే గడి ఉంటుందా? (గృహిణి, రాజోలు)

జవాబు: మీదే సరైన లెక్క. "ల" ఒక గడి, "క్ష్మి" ఒక గడి. గుణింతం, ఒత్తు, సున్న, విసర్గ అన్నీ తమ అక్షరంతోనే ఒకే గడిలో సర్దుకుంటాయి. "దుఃఖం" రెండు గళ్ళు, "ద్రాక్షారామం" నాలుగు, "అంతర్వేది" నాలుగు. ఇంగ్లీషు పజిల్లో గడికి ఒక లిపి గుర్తు, మనకు గడికి ఒక పూర్తి అక్షరం. మన ఆట కష్టమంతా, అందమంతా ఈ తేడాలోనే ఉంది.

చిక్కల్లా పొల్లుతో. "కాలేజ్" అని రాస్తే "జ్" ఒంటరిగా ఒక గడిలో కూర్చోవాలి. దాన్ని దాటే నిలువు మాట దొరకడం కష్టం. అందుకే కూర్పరులు (గళ్ళు కూర్చేవాళ్ళు) "కాలేజీ" వైపు మొగ్గుతారు. అలాగే "పుస్తకం" మూడు గళ్ళు, "పుస్తకము" నాలుగు. "గోదారి" మూడు, "గోదావరి" నాలుగు. కుండలీకరణంలో ఇచ్చిన అంకె చూసి ఏ రూపం కావాలో తేల్చుకోండి. అంకె ఇవ్వకపోతే గళ్ళు లెక్కపెట్టండి.

రెండు మాటలు కలిసే గడిలో గుణింతం కూడా కలవాలి. అడ్డంలో "కు" ఉంటే నిలువులోనూ "కు" ఉండాలి, "క" గానీ "కూ" గానీ కుదరదు. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఎటు చదివినా ఒకేలా ఉండే మాటలకూ ఇదే కొలత. "వికటకవి", "కునుకు", "కంటకం" నిలబడతాయి. "కిటికీ" నిలబడదు, తిప్పితే "కీటికి" అవుతుంది.

ప్రశ్న: పర్యాయపదాలు బాగానే వచ్చు. కానీ "ఆవు, రమ్మనే పిలుపు, పైరు కలిస్తే నది (4)" లాంటివి ఎదురైతే చేతులెత్తేస్తున్నాను. వీటినెలా విప్పాలి? (డిగ్రీ విద్యార్థి, రావులపాలెం)

జవాబు: అది "గోదావరి". ఆవు అంటే "గో". రమ్మనే పిలుపు "దా", మన ఊళ్ళలో "ఇలా దా" అంటాం చూడండి. పైరు "వరి". మూడూ కలిపితే నది. ఆధారంలో రెండు భాగాలుంటాయని గుర్తుంచుకోండి. ఒకటి సూటి అర్థం, చాలావరకు మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. ఇక్కడ "నది". మిగతాది ఆ మాటను అక్షరాలుగా ఎలా కట్టాలో చెప్పే భాగం. ముందు ఈ రెండిటి మధ్య గీత గీయండి.

ఇది ముక్కలు కలిపే రకం. "ఒట్టు, ఆపైన తోటకూర మోపు: కాటన్ గోదావరికి వేసింది (4)" అన్నా అదే పద్ధతి. ఒట్టు "ఆన", మోపు "కట్ట", రెండూ కలిస్తే "ఆనకట్ట". ధవళేశ్వరం పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని తెలిసినవాళ్ళు సూటి అర్థం వైపు నుంచి వస్తారు, తెలియనివాళ్ళు ముక్కల వైపు నుంచి వస్తారు. రెండు దారులూ ఒకే చోట కలిస్తేనే ఆధారం మంచిది.

తిరగేసే రకం ఇంకోటి. "ఏటి మధ్య నేల తిరగబడితే రాస్తుంది (2)". ఏటి మధ్య నేల "లంక". అక్షరాలు తిప్పితే "కలం". "బలపం కింద తిరగేసిన కలప (3)" అంటే "పలక". తిరగబడింది, వెనక్కి, అటునుంచి అన్న మాటలు కనిపిస్తే ఇదే రకమని పట్టుకోండి. నిలువు ఆధారంలో "తలకిందులు", "కింది నుంచి పైకి" అని ఉంటుంది. ఒక్క సంగతి, తిప్పాల్సింది అక్షరాలను, రాతలోని గుర్తులను కాదు. "లం"లో ఉన్న సున్న "లం"తోనే ప్రయాణం చేస్తుంది.

తల తీయడం, తోక కోయడం మరో రకం. "తల తీసిన పనస, వదలని గోల (2)" అంటే "నస". చెదరగొట్టే రకానికి "నవల కకావికలై కారణం చెప్పింది (3)" ఉదాహరణ. న, వ, ల మూడూ చోట్లు మారితే "వలన". గజిబిజి, చెల్లాచెదురు, తారుమారు, కలగాపులగం అన్నీ ఈ రకానికి గుర్తులే.

దాచిపెట్టే రకం చాలా మోసం చేస్తుంది. "పడవ రిపేరులో దొరికిన ధాన్యం (2)". చదవగానే మనసు మేకులకూ చెక్కలకూ పోతుంది. మాటల మధ్య ఖాళీని చెరిపేసి చూడండి: పడవరిపేరు. జవాబు "వరి". ఆధారం చెప్పే కథను పక్కన పెట్టి అక్షరాలను చూస్తేనే ఇలాంటిది దొరుకుతుంది.

చివరగా రెండర్థాల రకం, ఇందులో అక్షరాల పనేమీ లేదు. "కోనసీమ పాయ మీద విష్ణువాహనం (4)" అంటే "వైనతేయ". అది గరుత్మంతుడి పేరు, కోనసీమలో పారే పాయ పేరు కూడా. "పడవలో సూర్యుడు (3)" అంటే "తరణి". ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయి. వీటికి నానార్థాల పట్టిక కంఠస్థం ఉండాలి. "హరి" అన్న రెండక్షరాల్లో విష్ణువు, సింహం, కోతి, గుర్రం, కప్ప, పాము అందరూ ఉన్నారు.

జవాబు వచ్చాక ఒక పరీక్ష చేయండి. ఆధారంలోని ప్రతి మాటకూ పని ఉందా? ఒక్క మాట పని లేకుండా మిగిలిపోతే మీ జవాబును అనుమానించండి.

ప్రశ్న: "గోదావరి పాయ (3)" అన్నారు. గౌతమి అని రాశాను. మర్నాడు వసిష్ఠ అని వేశారు. నాది తప్పెలా అవుతుంది? (వ్యాపారి, భీమవరం)

జవాబు: అర్థం ప్రకారం మీది తప్పు కాదండి. ధవళేశ్వరం దిగువన నది చీలేది గౌతమిగా, వసిష్ఠగానే. సప్తగోదావరుల్లో "ఆత్రేయ" కూడా మూడక్షరాలే. కాబట్టి ఒక ఆధారానికి కనీసం మూడు జవాబులు సరిపోతున్నాయి. ఇలాంటి చోట తేల్చేది దాటే మాటలే. మొదటి గడిని దాటే నిలువు తేలేవరకు మూడింటిలో ఏదీ రాయకూడదు.

వసిష్ఠతో ఇంకో తలనొప్పి ఉంది. వసిష్ఠ, వశిష్ఠ, వశిష్ట అని మూడు రకాలుగా రాస్తారు. రెండో గడి "సి"యా, "శి"యా అన్నది దాటే మాటే చెప్పాలి. ఆ గడిని ఏ మాటా దాటకుండా వదిలితే లోపం కూర్పరిది, మీది కాదు. అలాంటిది కనిపిస్తే పత్రికకు రాయండి, రాయాలి కూడా.

ప్రశ్న: ఈ ఆట ఎక్కడ పుట్టింది? (పాఠకురాలు, యానాం)

జవాబు: 1913 డిసెంబరు 21న అమెరికాలో "న్యూయార్క్ వరల్డ్" పత్రికలో ఆర్థర్ విన్ కూర్చినది అచ్చయింది. వజ్రం ఆకారంలో ఉండేది, నల్ల గళ్ళు లేవు. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర ఇద్దరూ గళ్ళు కూర్చినవాళ్ళే.

ప్రశ్న: అంతా నిండుతుంది, ఒక్క మూల మాత్రం మొండికేస్తుంది. ఏం చేయాలి? (లేసు అల్లే పాఠకురాలు, నరసాపురం)

జవాబు: మూల కదలకపోతే అక్కడ నిండిన మాటల్లో ఒకటి తప్పు అయ్యుండే అవకాశం ఎక్కువ. లేసులో ఒక కుట్టు తప్పితే వెనక్కి విప్పుకుంటూ వెళతారు కదా, అలాగే వెళ్ళండి. ఏ మాటకు తక్కువ సాక్ష్యం ఉందో, అంటే ఒకే మాట దాటుతున్నదో అసలేదీ దాటనిదో, దాన్ని ముందు చెరపండి.

తర్వాత ఆధారం వ్యాకరణం చూడండి. బహువచనంలో అడిగితే చివరి గడి "లు" గానీ "ళ్ళు" గానీ అయ్యే అవకాశం ఎక్కువ, మాట తెలియకపోయినా పెన్సిలుతో పెట్టేయొచ్చు. ఊరి పేరు అడిగితే పురం, వరం, పాలెం, పల్లి, కొల్లు వేసి చూడండి. పురుషుణ్ణి అడిగితే చివర "డు".

సున్నతో ముగిసే మాటలు కూడా ఇలా పనికొస్తాయి. అడ్డం "రం"తో ముగిసి, ఆ గడిలోనే నిలువు మొదలైతే సంతోషించండి. "రం"తో మొదలయ్యే మాటలు కొద్దే: రంగు, రంపం, రంభ, రంకె, రంధ్రం, రంగవల్లి, ఇంకొన్ని. గళ్ళ సంఖ్యతో పోల్చేసరికి ఇంకా తగ్గుతాయి. అప్పటికీ తెగకపోతే సూర్యరాయాంధ్ర నిఘంటువు లాంటి పెద్ద నిఘంటువు తీయండి. మన పిఠాపురం రాజావారి పోషణలో తయారైన ఆ నిఘంటువు పాత కావ్యాల మాటలకు పెద్ద దిక్కు.

ప్రశ్న: ఏడో తరగతి పిల్లలకు చిన్న నుడికట్టు నేనే తయారుచేద్దామనుకుంటున్నాను. రెండుసార్లు ప్రయత్నిస్తే సగంలో ఇరుక్కుంది. (తెలుగు ఉపాధ్యాయిని, అమలాపురం)

జవాబు: పొడుగు మాట ఒకటి ముందు పైవరసలో వేయండి టీచరుగారూ. మీ ఊరి పేరే వేద్దాం. నల్ల గడికి ■ గుర్తు.

అ మ లా పు రం
ర ■ య ■ పం
కు దు రు ■ ■

అడ్డం 1: కోనసీమ జిల్లా కేంద్రం (5). అడ్డం 4: స్థిమితం, కుండ దొర్లకుండా కింద పెట్టేది (3). నిలువు 1: కాఫీ తోటల లోయ (3). నిలువు 2: కోర్టులో నల్లకోటు మనిషి (3). నిలువు 3: వడ్రంగి చేతిలో పళ్ళది (2). అంకెలు వేసేటప్పుడు ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి రండి. అడ్డమో నిలువో ఏదో ఒకటి మొదలయ్యే గడికే అంకె.

మీరు ఎక్కడ ఇరుక్కుని ఉంటారో ఊహించగలం. ఇక్కడే నిలువు 1కి "అరటి" వేసి చూడండి. మూడో వరస "టి"తో మొదలవ్వాలి, పిల్లలకు తెలిసిన తెలుగు మాట దొరకడం కష్టం. "అరకు" వేస్తే "కు" వస్తుంది, దానికి కుదురు, కునుకు, కుడుము ఎన్నో ఉన్నాయి. మాట బాగుందని వేయకండి, దాని చివరి అక్షరంతో మరో మాట మొదలవుతుందా అని చూసి వేయండి.

ణ, ళ తెలుగులో మాట మొదట రావు. "ధవళేశ్వరం" పైవరసలో పెడితే "ళే" కింద నిలువు మొదలుపెట్టలేరు. దాన్ని ఒక వరస కిందికి దించి, "ళే" మీదుగా "కాళేశ్వరం" నిలువుగా వేయండి. పై గడిలో "కా", తర్వాత "ళే", ఆ కింద "శ్వ", "రం" చక్కగా కూర్చుంటాయి. ఆధారాలు మాత్రం గళ్ళన్నీ నిండాకే రాయండి. ముందే రాసుకుంటే, సగంలో మాట మార్చాల్సి వచ్చినప్పుడు మంచి ఆధారం పోతుందని పనికిరాని మాటనే పట్టుకుని వేలాడతాం.