స్లో కుక్కర్ మార్చాలా? ముందు నీళ్ళు పోసి చూడండి

"స్లో కుక్కర్ పాడైంది, ఈసారి ఏది కొనమంటారు?" విదేశాలకు కొత్తగా వచ్చిన మనవాళ్ళు, ముఖ్యంగా ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే జంటలు, తరచుగా అడిగే ప్రశ్న ఇది. స్లో కుక్కర్ అంటే సన్నని వేడి మీద గంటల తరబడి వండే కరెంటు కుక్కర్. చాలామంది దగ్గర ఉండేది ఇల్లు ఖాళీ చేస్తూ ఎవరో ఇచ్చేసి వెళ్ళిన పాత కుక్కరే. దాన్ని ఎన్నేళ్ళు వాడారో, ఎలా వాడారో తెలియదు. అందుకే ఏది కొనాలో చెప్పేముందు, ఉన్నదానికి ఏమైందో చూసుకోమంటాను.

లోపలి పింగాణీ గిన్నె ఒక్కటే పగిలి, కింది యంత్రం బాగుంటే మొత్తం పారేయకండి. అడుగున అంటించిన స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది. కొన్ని కంపెనీలు అదే నంబరుకు సరిపోయే గిన్నె, మూత విడిగా అమ్ముతాయి. గిన్నెలో సన్నని చీలిక కనిపించినా సరే, దాన్ని మాత్రం వాడొద్దు. వైరు నలిగినా, ప్లగ్గు వేడెక్కి రంగు మారినా ఇక ఆలోచించకుండా పక్కన పెట్టేయండి. అసలు వేడే ఎక్కకపోతే చాలాసార్లు లోపలి థర్మల్ ఫ్యూజు (వేడి మితిమీరితే కరెంటు ఆపేది) పోయి ఉంటుంది. ఆ పని తెలిసినవాళ్ళు తప్ప విప్పకూడదు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైన సందర్భం ఇంకొకటి. కుక్కర్ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది కానీ వేడి చాలదు. దీన్ని తేల్చుకోవడం తేలిక. గిన్నెలో సగం వరకు నీళ్ళు పోసి, మూత పెట్టి, "లో" (తక్కువ వేడి) సెట్టింగు మీద ఎనిమిది గంటలు వదిలేయండి. తర్వాత మూత తీసిన వెంటనే వంటింటి థర్మామీటర్ ముంచి చూడండి. వెంటనే అని ఎందుకంటున్నానంటే, మూత తీయగానే వేడి గబగబా పడిపోతుంది. 85 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మీ కుక్కర్ బాగున్నట్టే, కొత్తది అక్కర్లేదు. అంతకంటే ఎక్కువుంటే వంట త్వరగా అయిపోతుంది, సమయం తగ్గించుకుంటే సరి. తక్కువుంటే మాత్రం మార్చాల్సిందే. సుమారు 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. నీరసించిన కుక్కర్లో మాంసం గంటల తరబడి ఆ వేడిలోనే నానుతూ ఉండిపోతుంది. వాసనలో గానీ రుచిలో గానీ ఆ తేడా తెలియదు.

దేశం మారేటప్పుడు కుక్కర్‌ను సామాన్లలో వేసుకొచ్చేవాళ్ళకి ఒక మాట. అమెరికా, కెనడాల్లో ఇళ్ళకి వచ్చే కరెంటు 120 వోల్టులు. ఇండియా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 230 వోల్టులు. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. 230 వోల్టుల కుక్కర్‌ను 120కి తగిలిస్తే వేడి సగమవుతుందనుకుంటారు. నిజానికి వచ్చేది దాదాపు నాలుగో వంతే. అంటే లైటు వెలుగుతుంది, గిన్నె గోరువెచ్చగా ఉంటుంది, వంట ఉడకదు. అదే 120 వోల్టుల కుక్కర్‌ను 230కి తగిలిస్తే సుమారు నాలుగు రెట్ల వేడి పుట్టి కాలిపోతుంది. దీనికోసం బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కొనేకంటే చేరిన దేశంలోనే కుక్కర్ కొనుక్కోవడం మంచిది.

ఇక కొనక తప్పదని తేలితే, మొట్టమొదట చూడాల్సింది సైజు. బ్రాండు, బటన్లు, రంగు అన్నీ ఆ తర్వాతే. మనవాళ్ళలో చాలామంది "ఎప్పుడైనా పదిమంది వస్తే పనికొస్తుంది" అని పెద్దది కొంటారు, రోజూ ఇద్దరికి వండుకుంటారు. స్లో కుక్కర్ విషయంలో ఈ లెక్క కుదరదు. వేడినిచ్చే తీగ చాలా మోడళ్ళలో గిన్నె చుట్టూ పక్కల ఉంటుంది. అందువల్ల గిన్నె కనీసం సగం నిండాలి, మూడింట రెండు వంతులు దాటకూడదు. అడుగున కొంచెమే వేస్తే అంచులు మాడతాయి, చెప్పిన సమయం కంటే ముందే ముద్దయిపోతుంది. అంచు దాకా నింపితే లోపలికి వేడి చేరడానికి చాలా సేపు పడుతుంది, పొంగి కూడా పోతుంది.

అమెరికాలో సైజును క్వార్టుల్లో రాస్తారు. ఒక క్వార్టు లీటరుకి కాస్త తక్కువ, లీటరనే అనుకోండి. ఆరు క్వార్టుల కుక్కర్ సరిగ్గా పనిచేయాలంటే ప్రతిసారీ కనీసం మూడు లీటర్ల వంట పడాలి. ఇద్దరు తినే ఇంట్లో అంత వంట రోజూ అవుతుందా? ఇద్దరికైతే మూడు, నాలుగు క్వార్టులది చాలు. నలుగురైదుగురున్న ఇంటికి, లేదా వారానికి సరిపడా వండి ఫ్రీజర్లో పెట్టుకునేవాళ్ళకి ఆరు క్వార్టులది సరైనది. అతిథుల కోసం పెద్దది కావాలంటే ఆ రోజుకి ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు. పెద్ద మాంసం ముక్కను కోయకుండా వండే అలవాటుంటే కోలగా ఉన్నది తీసుకోండి. పప్పు, సూపు, కూరలకైతే గుండ్రటిదే హాయి.

బటన్ల సంగతికొస్తే, అమెరికా ఆవిష్కర్త అర్వింగ్ నాక్సన్ ఇలాంటి కుక్కర్‌కు 1940లో పేటెంట్ పొందారు. రైవల్ కంపెనీ దాన్ని 1971లో క్రాక్‌పాట్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా అసలు పని మారలేదు. లోపల గిన్నె, చుట్టూ వేడి, పైన మూత, అంతే. లో, హై అన్నవి కూడా చాలా మోడళ్ళలో చివరికి మరిగే స్థాయి దగ్గరికే చేరతాయి. అక్కడికి చేరడానికి పట్టే సమయంలోనే తేడా. కాబట్టి పది రకాల వంటల బొమ్మలున్న బటన్లకి డబ్బు ఎక్కువ పెట్టొద్దు.

నిజంగా పనికొచ్చే అదనం ఒక్కటే: వంట అవగానే దానంతట అదే వార్మ్‌కి మారే టైమర్. ఉదయం పెట్టి సాయంత్రం దాకా ఇంటికి రానివాళ్ళకి ఇది చాలా అవసరం. ఇంట్లోనే ఉండేవాళ్ళకి తిప్పే నాబ్ ఉన్నది చాలు, అది మన్నుతుంది కూడా. కరెంటు పోయి వస్తే నాబ్ కుక్కర్ మళ్ళీ తనే మొదలవుతుంది. చాలా డిజిటల్ కుక్కర్లు ఆగిపోయి అలాగే ఉంటాయి. నాబ్ నయం కదా అనిపిస్తుంది. కానీ మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు ఎంతసేపు పోయిందో నాబ్ కుక్కర్ చెప్పదు. డిజిటల్ ఆగిపోయి ఉంటే కనీసం ఏదో జరిగిందని తెలుస్తుంది, ఆ వంట తినకుండా పారేస్తారు. ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకి నేను డిజిటల్ చెప్పేది అందుకే. వార్మ్ అన్నది ఉడికిన వంటను వేడిగా నిలిపేందుకే. ఫ్రిజ్‌లోంచి తీసిన కూరను వేడి చేయడానికి దాన్ని వాడకండి, ఆ పని స్టవ్ మీద చేసుకోండి.

"ఇన్‌స్టంట్ పాట్‌లో స్లో కుక్ బటన్ ఉంది కదా, వేరే ఎందుకు?" అనే సందేహం సహజమే. ఇన్‌స్టంట్ పాట్ అనే ఆ కరెంటు ప్రెషర్ కుక్కర్ అడుగు నుంచి మాత్రమే వేడెక్కుతుంది, పక్కల నుంచి కాదు. అదే వంట అదే సమయంలో ఉడకకపోవచ్చు. ముందు దానిమీద కూడా నీళ్ళ పరీక్ష చేసి చూడండి. సరిపోతే ఇంకొకటి కొనకుండా గడిచిపోతుంది.

వాడకంలో గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. వేడి పింగాణీ గిన్నెను చల్లనీళ్ళ కింద పెడితే పగులుతుంది. మాటిమాటికీ మూత తీస్తే ప్రతిసారీ అరగంట దాకా ఆలస్యం. మూతకు క్లిప్పులున్న మోడళ్ళలో అవి ఎక్కడికైనా తీసుకెళ్ళేటప్పుడు పెట్టుకోవడానికే, ఉడికేటప్పుడు తీసి ఉంచాలి. ప్రెషర్ కుక్కర్ కంటే నీళ్ళు తక్కువ పోయండి, ఆవిరి బయటికి పెద్దగా పోదు కాబట్టి పులుసు పలచబడుతుంది. గడ్డకట్టిన మాంసాన్ని ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి కరగనివ్వండి.

రాజ్మా గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఎర్ర రాజ్మా గింజల్లో సహజంగా ఒక విషపదార్థం ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ వేడికి అది నశిస్తుంది కాబట్టి ఆ అలవాటున్నవాళ్ళకి దాని సంగతి తెలిసే అవకాశమే లేదు. స్లో కుక్కర్ మరిగే స్థాయికి చేరకపోతే ఆ విషం పోదు సరికదా, అరకొర వేడికి పచ్చి గింజల్లో కంటే పెరగవచ్చు కూడా. నాలుగైదు గింజలు తిన్నా గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో స్టవ్ మీద తెర్లేలా మరిగించండి. విషం పోవడానికి 10 నిమిషాలు కావాలి, అన్ని గింజలకీ వేడి చేరేలా 30 నిమిషాలు మరిగించమంటుంది అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ. ఆ తర్వాతే స్లో కుక్కర్లో వేయాలి. తెల్ల రాజ్మాలో ఇది తక్కువే అయినా అదే పద్ధతి పాటించండి. డబ్బాల్లో వచ్చేవి ముందే ఉడికినవి, నేరుగా వేసుకోవచ్చు.