క్లస్టర్ అని రాసే ముందు

విజయవాడ

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. భాష హాయిగా సాగింది. మధ్యలో వేసిన పట్టిక దగ్గరే ఆగిపోయాను. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, నియోఫోర్‌జె అని మూడు డేటాబేస్‌లకు మూడు నిలువు గళ్లు గీశావు. క్లస్టరింగ్, అంటే కొన్ని సర్వర్లు కలిసి ఒకే డేటాబేస్‌ను నడపడం, దాని ఎదురుగా మూడింటికీ టిక్కు పెట్టావు, గ్రాఫ్, అంటే డేటాను వస్తువులుగా, వాటి మధ్య లింకులుగా చూడటం, దాని ఎదురుగా కూడా మూడింటికీ టిక్కే. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ రేపు వీటిలో ఏదో ఒకటి కొనాల్సిన మనిషికి ఆ పట్టిక వల్ల ఏమీ తేలదు.

క్లస్టర్ అనే మాటకు ఈ మూడు చోట్లా మూడు అర్థాలున్నాయి. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు ఊహించుకో. ఇద్దరు గుమాస్తాలు ఒకే లెక్కల పుస్తకం రాస్తున్నారు. ఒకరు దిద్దిన పేజీ రెండోవారికి కావాలంటే పుస్తకం బీరువాలో పెట్టి మళ్లీ తియ్యక్కర్లేదు, చేతికి అందిస్తే చాలు. ఒరాకిల్ వాళ్ల క్లస్టర్ పేరు ర్యాక్, అది ఇలా నడుస్తుంది. సర్వర్లు ఎన్ని ఉన్నా స్టోరేజీ ఉమ్మడిదే. మారిన బ్లాకును, అంటే ఆ పేజీ లాంటి డేటా ముక్కను, డిస్కు దాకా పంపకుండా ఒక సర్వర్ మెమరీ నుంచి ఇంకో సర్వర్ మెమరీకి నెట్‌వర్క్ మీద చేరవేస్తుంది. 2001లో 9ఐ వెర్షన్‌తో పూర్తిగా వచ్చిన ఈ పద్ధతి పేరు క్యాష్ ఫ్యూజన్.

ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012లో తెచ్చిన అవైలబిలిటీ గ్రూపుల్లో ఎవరి పుస్తకం వారిదే. రాసేది ఒక్కరు, మిగతావాళ్లు ఆయన రాసింది ఎక్కించుకుంటూ పోతారు. రెండో పుస్తకంలో ఎక్కిందాకా ఆగితే సింక్రనస్, ఆగకపోతే అసింక్రనస్. ఆగని పద్ధతిలో మొదటి సర్వర్ హఠాత్తుగా పడిపోతే చివరి కొన్ని ఎంట్రీలు పోవచ్చు. ఈ ఒక్క వాక్యం నీ వ్యాసంలో ఉండి తీరాలి. ఇక నియోఫోర్‌జె క్లస్టర్ రాఫ్ట్ పద్ధతి మీద నడుస్తుంది, సగానికి మించిన సర్వర్లు ఒప్పుకుంటేనే రాత ఖాయమవుతుంది. అందుకే మూడు సర్వర్లుంటే ఒకటి పోయినా పని సాగుతుంది, ఐదుంటే రెండు పోయినా సాగుతుంది. రెండే పెట్టుకుంటే ఒకటి పోగానే రాత ఆగిపోతుంది. అదీ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లోనే, ఉచితంగా దొరికే కమ్యూనిటీ ఎడిషన్‌లో క్లస్టర్ లేదు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నేనూ ఉమ్మడి డిస్కు క్లస్టర్ గురించి రాస్తూ 'సర్వర్ పోయినా డేటాబేస్ ఆగదు' అని రాసి ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఒక పాఠకుడు గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. వాళ్ల ఆఫీసులో రెండు సర్వర్లూ బాగానే ఉన్నాయి, కింద ఉన్న ఒకే ఒక్క స్టోరేజీ పెట్టె పోయింది. రెండు రోజులు బిల్లింగ్ ఆగింది. 'సార్, మీరు రాసింది చదివే ధైర్యంగా ఉన్నాం' అన్నాడు. ఆ గొంతు ఇంకా నా చెవుల్లో ఉంది. సర్వర్ పోతే ఏమవుతుందో రాశాను, స్టోరేజీ పోతే ఏమవుతుందో రాయలేదు. అప్పటినుంచి ఏ క్లస్టర్ గురించి రాసినా ముందు ఒక కాగితం మీద అందులో ఏవేవి పోవచ్చో రాసుకుంటాను. సర్వర్, స్టోరేజీ, మధ్యలో కేబుల్, కరెంటు. ఒక్కోదాని ఎదురుగా పని ఆగుతుందా, డేటా పోతుందా అని నింపుతాను. వ్యాసం ఆ కాగితం నుంచే పుడుతుంది.

గ్రాఫ్ సంగతికొస్తే, మళ్లీ యార్డుకే పోదాం. ఒక రైతు నలభై టిక్కీల (బస్తాల) తేజ మిర్చి తెచ్చాడు. సగం ఒక వ్యాపారి కొన్నాడు, సగం కోల్డ్ స్టోరేజీకి పోయింది. అక్కడ ఇంకో ఇద్దరు రైతుల సరుకుతో కలిసి, చేతులు మారి, చివరికి కంటైనర్ ఎక్కింది. ఆ కంటైనర్ తిరిగొస్తే అందులో ఏయే రైతుల సరుకుందో చెప్పాలి. ఎన్ని చేతులు మారిందో ముందే తెలిస్తే టేబుళ్లను ఒకదానితో ఒకటి కలిపే మామూలు జాయిన్లతో నెట్టుకురావచ్చు. తెలియదు కాబట్టే చిక్కు. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో 2009 నుంచి ఉన్న రికర్సివ్ క్వెరీతో, అంటే తన ఫలితం మీదే మళ్లీ మళ్లీ నడిచే ప్రశ్నతో, ఇది రాయొచ్చు. కాకపోతే ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి ఇంకోదానికి పోయిన సరుకు మళ్లీ మొదటిదానికే వచ్చిందనుకో, ఆ చక్రాన్ని పట్టుకునే జాగ్రత్త లేకపోతే క్వెరీ తిరుగుతూనే ఉంటుంది. నియోఫోర్‌జెలో రైతు, వ్యాపారి, కోల్డ్ స్టోరేజీ లాంటి ప్రతి నోడూ తన పక్కవాళ్ల ఆచూకీ తన దగ్గరే ఉంచుకుంటుంది, అడుగడుగునా ఇండెక్సు వెతకక్కర్లేదు. లోతు పెరిగేకొద్దీ ఆ తేడా తెలుస్తుంది. కానీ కొనేవాళ్ల ప్రశ్నలన్నీ రెండడుగుల్లో తేలేవైతే దానికోసం కొత్త డేటాబేస్ కొనడం నా దృష్టిలో దండగ. ఆ మాట ధైర్యంగా రాయి.

వెర్షన్ నంబరు లేకుండా 'గ్రాఫ్ ఉంది' అని రాయకు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో నోడ్, ఎడ్జ్ (నోడ్‌ల మధ్య లింకు) టేబుళ్లు 2017లో వచ్చాయి, ఎన్ని అడుగులైనా వెతికే షార్టెస్ట్ పాత్ 2019 దాకా రాలేదు. ఒరాకిల్‌లో ఒకప్పుడు గ్రాఫ్‌కు విడిగా డబ్బు కట్టాలి, 2019 డిసెంబరు నుంచి అక్కర్లేదు. ర్యాక్‌కు మాత్రం ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ మీద ఇప్పటికీ వేరే లైసెన్స్. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్, దాని ప్రమాణంలోకే 2023లో గ్రాఫ్ క్వెరీలు చేరాయి, 2024 ఏప్రిల్‌లో గ్రాఫ్ క్వెరీల కోసమే జీక్యూఎల్ అని విడిగా ఇంకో ఐఎస్ఓ ప్రమాణం వచ్చింది. పాత పోలికలు ఎత్తి రాస్తే ఇవన్నీ తప్పిపోతాయి.

ఆ పట్టిక తీసేసి, ఆ కంటైనర్‌తో మొదలుపెట్టి మళ్లీ రాయి. శనివారంలోగా పంపు. ఆదివారం పొద్దున లాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా, నా దగ్గర ఇంకో రెండున్నాయి. మూడింటి మీదా క్లస్టర్ పెట్టి, డేటా ఎక్కుతుండగా నువ్వే ఒకదాని కేబుల్ పీకు. స్క్రీన్ మీద ఏం కనబడితే అది అక్కడే కూర్చుని రాసుకుందువు గాని.

ప్రేమతో,
అన్నయ్య