ఫారాలు, రిపోర్టులు నేర్చుకుంటే వెనకబడతాడా?

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరులో బీకాం కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతున్నాడు. కాలేజీలో ఇంకా వివరాలు భద్రపరిచే సాఫ్ట్‌వేర్ ఎంఎస్ యాక్సెస్‌లో ఫారాలు, రిపోర్టులే చెబుతున్నారట. మా బావమరిది కొడుకు బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. వీడి సంగతి తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. అప్పు చేసైనా ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటారా? రెంటిలో ఏది మేలు? - ఒక తండ్రి

జవాబు: అప్పు చేయకండి. మీ అబ్బాయి దారి తప్పలేదు.

యాక్సెస్ పాతదే, 1992లో వచ్చింది. దాని వెనకున్న రిలేషనల్ పద్ధతి, అంటే వివరాలను పట్టికలుగా (టేబుళ్లుగా) పెట్టి ఒకదానితో ఒకటి కలిపే పద్ధతి, ఇంకా పాతది. ఐబీఎంలో పనిచేసిన కాడ్ 1970లోనే దాన్ని ప్రతిపాదించారు. బ్యాంకుల లెక్కలు ఇప్పటికీ చాలావరకు ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

మన మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు సంగతే చూడండి. గుమస్తా రైతు పేరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, క్వింటా ధర ఎక్కించే తెర ఫారం. సాయంత్రం రైతు చేతికిచ్చే తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రిపోర్టు. మధ్యలో వివరాలన్నీ దాగేది టేబుళ్లలో. ఒకే రైతును పొద్దున వెంకటేశ్వర్లు అని, మధ్యాహ్నం వెంకటేశ్వరరావు అని కొడితే రిపోర్టులో ఇద్దరు తేలతారు, రావలసిన డబ్బు రెండుచోట్లకు చీలుతుంది. అందుకే రైతులకు వేరే టేబుల్ పెట్టి, తలా ఒక నంబరు ఇచ్చి, ఫారంలో పేరు కొట్టే పని లేకుండా జాబితాలోంచి ఎంచుకునేలా చేస్తారు. తూకం గడిలో సున్నా వేస్తే ఫారం ఒప్పుకోకూడదు. రిపోర్టులో ఒక్కో రైతు కింద అతని మొత్తం, చివర ఆ రోజు మొత్తం రావాలి. అసలు ఏ రిపోర్టు కావాలో ముందు కాగితం మీద గీసుకుని, ఆ తర్వాతే టేబుళ్లు కట్టాలి. పిల్లలు చాలామంది రంగులతో, బటన్లతో మొదలుపెట్టి ఇక్కడే దెబ్బతింటారు.

డేటా సైన్స్ చెడ్డదని నేను అనను. కానీ దానికి స్టాటిస్టిక్స్ కావాలి, ప్రోగ్రామింగ్ కావాలి, అన్నిటికంటే ముందు శుభ్రమైన డేటా ఏదో గుర్తుపట్టే కన్ను కావాలి. ఆరు నెలల్లో ఇవన్నీ వచ్చేస్తాయని, ఉద్యోగం ఖాయమని చెప్పేవాళ్లను నేను నమ్మను. ఫీజు కట్టి, సర్టిఫికెట్ పట్టుకుని, రెండు టేబుళ్లను కలిపి ఒక లెక్క తీయలేక నా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలున్నారు.

ఒక మాట కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో బావమరిది కొడుకు ఉన్నాడు, అప్పు ఉంది. మీ అబ్బాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. అతన్ని అడిగారా?

ఈ ఏడాది యాక్సెస్‌లో క్వెరీలు, అంటే టేబుళ్లను అడిగే ప్రశ్నలు, బాగా పట్టుకుని, తర్వాత ఆ ప్రశ్నలు రాసే భాష ఎస్‌క్యూఎల్‌కి వెళ్లమనండి. దాన్ని సాధన చేసే సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ ఉచితంగానే దొరుకుతుంది. బీకాం కుర్రాడికి ఎలాగూ లెక్కలు తెలుసు, పక్కన ఎక్సెల్, ట్యాలీ ఉంటే అకౌంట్స్ ఆఫీసుల్లో పని వెతుక్కోవచ్చు. డిగ్రీ అయ్యాక డేటా సైన్స్ మీద ఇష్టం నిలిస్తే అప్పుడు మళ్లీ నాకు రాయండి.

ఈ ఆదివారం తెలిసినవాళ్ల కొట్లోంచి ఒక పాత తక్‌పట్టీ తెచ్చి అతని ముందు పెట్టండి. దీనికి ఫారం ఎలా కడతావని అడిగి, ఓ గంట పక్కనే కూర్చోండి. ఆ గంటసేపూ బావమరిది కొడుకు ఊసు ఎత్తకండి.