పదేళ్ల బాబుకి వేట తుపాకీ కొనాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో, డాలస్‌కి కాస్త దూరంగా ఉన్న ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. బాబుకి పదేళ్లు, పాపకి ఆరు. బాబు స్నేహితుడి కుటుంబం ఏటా చలికాలంలో తూర్పు టెక్సాస్‌లోని వాళ్ల సొంత స్థలానికి ఉడతల వేటకి వెళ్తుంది. ఈసారి మావాణ్ణీ రమ్మన్నారు. వచ్చే నెల వాడి పుట్టినరోజు. వాడికి సరిపోయే చిన్న తుపాకీ కొందామని నేనంటే, నా భార్య "ఇంట్లోకి తుపాకీ వస్తే పిల్లల్ని తీసుకుని విజయవాడ వెళ్లిపోతా" అంటోంది. ఇక్కడి పిల్లలతో వాడు కలిసిపోవాలనే నా తాపత్రయం. నేనైతే ఎప్పుడూ తుపాకీ పట్టుకోలేదు. హెచ్1బీ మీద ఉన్నాం. ఏ తుపాకీ మంచిది? ఆమెకి ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: రెండు ప్రశ్నలు అడిగారు. మధ్యలో ఒక మాట అలవోకగా చెప్పి దాటేశారు, తుపాకీ ఎప్పుడూ పట్టుకోలేదని. నేను అక్కడే ఆగిపోయాను. అందులో మీ తప్పేం లేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అంటే తాతల కబుర్లలో మిగిలిందే. కానీ అక్కడ ఆ స్నేహితుడి తండ్రి చిన్నప్పుడే వాళ్ల నాన్న పక్కన నిలబడి నేర్చుకుని ఉంటాడు. మీ బాబు పక్కన నిలబడేది ఎవరు? తుపాకీ ఎంపిక దీని తర్వాతే.

టెక్సాస్ చట్టం కూడా ఇదే అడుగుతుంది. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. తొమ్మిదేళ్లు నిండితే పిల్లలు కూడా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అది లేని పిల్లవాడి వెంట పదిహేడు నిండిన, లైసెన్సూ కోర్సూ ఉన్న పెద్దమనిషి ఉండాలి, అదీ మామూలుగా పిలిస్తే వినపడేంత దగ్గరలో. ప్రస్తుతానికి ఆ పెద్దమనిషి స్నేహితుడి నాన్న. మీరు కాదు. కాబట్టి ముందు మీరూ బాబూ కలిసి కోర్సులో చేరండి. తుపాకీ మూతి ఎటు ఉండాలి, గురి వెనకాల ఏముందో ఎలా చూసుకోవాలి, కంచె దాటేటప్పుడు ఏం చేయాలి అన్నవి నాన్న కూడా తన పక్కనే కూర్చుని నేర్చుకుంటే పిల్లవాడికి అది ఆటవస్తువు కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఇక మీరు అసలు తలచుకోని విషయం వీసా. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అయితే టెక్సాస్ వార్షిక లైసెన్స్ గడువు ఆగస్టు 31తో అయిపోతుంది. రెన్యూ చేయించడం మర్చిపోయారనుకోండి, తుపాకీ అల్మారాలోనే ఉంటుంది, మినహాయింపు పోతుంది. బాబు అక్కడే పుట్టిన సిటిజన్ అయినా, మీ ఇంట్లో ఉన్న తుపాకీ మీ ఆధీనంలో ఉన్నట్టు లెక్క కట్టే ప్రమాదం ఉంది. పుట్టినరోజు కానుక కోసం స్టేటస్‌ని పణంగా పెట్టకండి. షాపుకి వెళ్లే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడండి.

ఇవన్నీ దాటాక, ఏ తుపాకీ అన్నదానికి వస్తాను. మనవాళ్లు ఎదిగే పిల్లలకి బట్టలు రెండు సైజులు పెద్దవి కొంటారు చూడండి, తుపాకీ మాత్రం అలా కొనకూడదు. మడమ, అంటే భుజానికి ఆనించే కొయ్య చివర, పిల్లవాడి మోచేతి వంపులో పెట్టి చూడాలి. వేలు ఇబ్బంది లేకుండా ట్రిగ్గర్‌ని అందుకోవాలి. అందకపోతే పిల్లలు తుపాకీని చంకలో ఇరికించి మెడ సాగదీస్తారు, గురి చెడుతుంది, పట్టూ తప్పుతుంది. మొదటి తుపాకీగా ఎక్కువమంది చెప్పేది ఒక్కో తూటా పెట్టి కాల్చే .22 బోల్ట్ యాక్షన్ (.22 అంటే తూటా లావు, అంగుళాల్లో). సావేజ్ రాస్కల్, క్రికెట్ అనే మోడళ్ల లాంటివి పిల్లల కొలతకే చేస్తారు, బరువు మూడు పౌన్లలోపే. మళ్లీ కాల్చాలంటే బోల్టు తీసి ఇంకో తూటా పెట్టాలి, ఆ ఆలస్యమే ఇక్కడ రక్షణ. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పేలే సెమీ ఆటోమేటిక్ ఎంత చవగ్గా వచ్చినా పదేళ్లవాడికి వద్దనే నా అభిప్రాయం.

కానీ ఉడత చెట్టు మీద ఉంటుంది. .22 తూటా మైలు పైనే వెళ్తుంది. కొమ్మ మీది ఉడతని ఆకాశానికి గురిపెట్టి కాల్చి తప్పితే, అది ఎవరి పెరట్లో పడుతుందో తెలియదు. వెనక లావుపాటి మాను అడ్డుంటేనే కాల్చాలి. అందుకే చాలామంది ఉడతలకి షాట్‌గన్ వాడతారు, అది ఒకేసారి చిమ్మే చిన్న గుళ్లు, అంటే రవ్వలు, తక్కువ దూరంలోనే పడిపోతాయి. దాన్లో ఫోర్ టెన్ అనే సైజు చిన్నది కదా అని పిల్లలకి కొనిస్తారు. అందులో రవ్వలు తక్కువ, గురి తేలిగ్గా తప్పుతుంది, జంతువు గాయంతో పారిపోతుంది. దానికంటే పెద్ద సైజైన ట్వంటీ గేజ్ మెరుగే గానీ వెనక్కి గట్టిగా తంతుంది. పదేళ్లవాడు ఒక్కసారి భుజం నొప్పి చూస్తే తర్వాత కళ్లు మూసుకుని ట్రిగ్గర్ నొక్కుతాడు. ఇంత చెప్పాక మీకే అర్థమై ఉంటుంది, బొమ్మ చూసి ఆన్‌లైన్‌లో ఎంచుకునే వస్తువు కాదిది. ఏదైనా సరే, షూటింగ్ రేంజ్‌లో అద్దెకో అరువుకో తీసుకుని, చెవులకి మఫ్స్, కళ్లకి అద్దాలు పెట్టించి, ముందు కాగితం మీద కాల్పించండి.

మీ ఆవిడ విషయం. నచ్చజెప్పడం అనే మాట పక్కన పెట్టండి. ఆమె దేనికి భయపడుతున్నారో అడిగారా? ప్రాణి హింస ఒకటి, ఇంట్లో తుపాకీ ఇంకొకటి. రెండోదానికి ఆమె భయం నూటికి నూరుపాళ్లూ సబబు. 2020లో అమెరికాలో పిల్లలూ టీనేజర్ల మరణాల్లో రోడ్డు ప్రమాదాల్ని దాటి తుపాకులే మొదటి కారణమయ్యాయి. మీ ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. వారాంతం తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌కి పది కుటుంబాలు వస్తే పెద్దవాళ్లంతా కింద పులిహోర దగ్గర, పిల్లలంతా మేడ మీద. ఏ గదిలో ఏ తలుపు తీస్తారో ఎవరు చూస్తారు? తుపాకీ వేరే, తూటాలు వేరే, రెండూ తాళంలో, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. మీ అజాగ్రత్త వల్ల గుళ్లు నింపిన తుపాకీ పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి అందితే టెక్సాస్‌లో అది నేరం కూడా. అసలు తుపాకీ మీ ఇంట్లో ఉండాల్సిన పనేముంది? ఆ స్నేహితుడి ఇంట్లో వాళ్ల పిల్లల తుపాకీ ఉండే ఉంటుంది, దాన్ని అక్కడే వాడుకోనివ్వండి. వాళ్లు దాన్ని తాళంలో పెడతారా అని అడగడానికి మొహమాటపడకండి. ఈ విషయంలో మీ ఆవిడ వద్దంటే వద్దనే, కనీసం పాప పెద్దదయ్యేదాకా.

ఉత్తరమంతా వెతికినా బాబు ఏమన్నాడో కనపడలేదు. వాడికి వేట కావాలా, స్నేహితుడితో అడవిలో రెండు రోజులు కావాలా? దెబ్బ తగిలిన ఉడత వెంటనే చావకపోవచ్చు. తర్వాత తోలు తీసి వండుకు తింటారు కూడా. వాడు రామాయణంలో వారధికి ఇసుక మోసిన ఉడత కథ వింటూ పెరిగుంటే ఆ క్షణం వాడికి తేలిక కాదు. కొందరు పిల్లలు తట్టుకుంటారు, కొందరు చెప్పుకోలేక లోపలే కుమిలిపోతారు. ముందే చెప్పండి, వద్దంటే స్నేహం పోదని కూడా చెప్పండి. పిల్లలతో కలిసిపోవాలన్న ఆత్రం వాడిదా మీదా అని మీరొకసారి ఆలోచించుకోండి.

ఈ సీజన్‌కి మీరూ బాబూ చేతిలో తుపాకీ లేకుండా వాళ్లతో వెళ్లి చూసి రండి. వాడికి ఇంకా ఆసక్తి ఉంటే వచ్చే ఏడాదిలోగా కోర్సు పూర్తి చేయండి, మీ ఆవిడనీ క్లాసుకి పిలవండి, రానంటే బలవంతం చేయకండి. పుట్టినరోజుకి మాత్రం ఒక మంచి బైనాక్యులర్ కొనివ్వండి. కొమ్మల్లో ఉడతని వెతకాలంటే అది ఎలాగూ కావాలి.