షెడ్డులో కారు కడుతున్నాడు, చదువు ఏమవుతుందో!

ప్రశ్న: సార్, మాది అనంతపురం. మావాడు బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం. ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత మారుతి 800 ఇంజిన్, స్టీరింగ్ తెచ్చుకుని, ఇనుప పైపులు వెల్డింగ్ చేసి సొంతంగా కారు కడుతున్నాడు. కారైతే కదిలింది గానీ, గుంతలో పడితే స్టీరింగ్ దానంతటదే తిరుగుతోందట. ట్రాలీ ఆటోలో వేసుకుని అలైన్‌మెంట్ షాపుకు తీసుకెళ్తే, ‘ఈ మోడల్ మా కంప్యూటర్‌లో లేదు’ అని పంపేశారు. చుట్టాలు పైథాన్ కోడింగ్ నేర్పించమంటున్నారు. ఈ పిచ్చి కూడు పెడుతుందా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ షాపతని మాటలోనే మీ ప్రశ్నకు సగం జవాబుంది. కంపెనీ కారైతే ఏ చక్రం ఎంత వాలి ఉండాలో కంపెనీయే తేల్చి పెడుతుంది. మిషన్ ఆ అంకెలతో పోల్చి చూపిస్తుంది, అంతే. మీవాడి కారుకు ఆ అంకెలు ఇంకా ఎవరూ రాయలేదు, వాడే రాయాలి. కార్ల కంపెనీల్లో కొందరి ఉద్యోగమే అది. వెహికల్ డైనమిక్స్ అంటారు. పెనుకొండ దగ్గరి కియా లాంటి ఫ్యాక్టరీలో ఉండేది ఎక్కువగా తయారీ పని. ఈ డిజైన్ పనికి మాత్రం చెన్నై, పుణె, బెంగళూరు, హైదరాబాద్ వైపు చూడాలి.

ఇక స్టీరింగ్ తిరగడం. ఆ లక్షణాన్ని బట్టి అది బంప్ స్టీర్ అనిపిస్తోంది. చక్రం పైకీ కిందికీ ఆడేటప్పుడు దాన్ని బాడీకి పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్మ్ ఒక వంపులో, స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే టై రాడ్ ఇంకో వంపులో కదులుతాయి. రెండూ కలవకపోతే టై రాడ్ చక్రాన్ని పక్కకు లాగేస్తుంది. టై రాడ్లను పక్కకు నెట్టే స్టీరింగ్ ర్యాక్ మారుతిది, ఆర్మ్‌లేమో ఇంట్లో చేసినవి, కలిస్తేనే ఆశ్చర్యం. ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా ఇది పోదు. స్ప్రింగ్ తీసేసి, జాకీతో చక్రాన్ని 10 మి.మీ. చొప్పున లేపుతూ, లేపిన ప్రతిసారీ టో, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో ఎంత తిరిగి ఉందో కొలిచి రాసుకోమనండి. ర్యాక్ ఎత్తు మార్చాలా, టై రాడ్ చివర మార్చాలా అన్నది ఆ కాగితం చూస్తే తెలుస్తుంది.

మిగతా అలైన్‌మెంట్‌కు మేస్త్రీల సామాను చాలు. నీళ్ల ట్యూబుతో నేల లెవెల్ చూసుకుని, టైర్లలో గాలి సమానం చేసి, సీట్లో మీవాడంత బరువు ఇసుక మూటలు పెట్టాలి. కారుకు రెండు పక్కలా నైలాన్ దారం బిగించి, రిమ్ ముందు అంచు నుంచి ఎంత, వెనక అంచు నుంచి ఎంత అని కొలవాలి. 12 అంగుళాల రిమ్‌కు 1 మి.మీ. తేడా అంటే దాదాపు 0.2 డిగ్రీ. జాకీ దించాక కారును రెండడుగులు ముందుకూ వెనక్కూ తోస్తేనే సస్పెన్షన్ కుదురుకుంటుంది. సరిచేసే వరస ఇది: ముందు కారు ఎత్తు, తర్వాత క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వాలు), క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు), ఆఖరున టో. నేను చూసిన ఒక కాలేజీ టీమ్ బగ్గీ కారులో కుర్రాళ్లు టో అంతా సరిచేశాక క్యాంబర్ ముట్టుకున్నారు, దాంతో టో కూడా మారిపోయింది. సాయంత్రమంతా చేసిన పని మళ్లీ మొదటికొచ్చింది!

రోడ్డు మీదికి మాత్రం పోనివ్వకండి. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన ఒక్క కారుకైనా ఐవీఏ అనే పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్ తెచ్చుకోవచ్చు. వీడియోల్లో మీవాడు చూసేది బహుశా అదే. మన దగ్గర ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థల్లో మోడల్ పరీక్షలన్నీ పాసవ్వాలి. ఒక్క కారు కోసం అది అయ్యే పని కాదు. దానికి బదులు కాలేజీ టీమ్‌లో చేరి, విద్యార్థులు తాము కట్టిన బగ్గీలతో పోటీపడే బాహా ఎస్ఏఈ ఇండియాకు వెళ్లమనండి. 2007 నుంచి జరుగుతున్న పోటీ అది. అక్కడ జడ్జీలు కారుతో పాటు ‘ఈ కోణం ఎందుకు పెట్టావు’ అని కూడా అడుగుతారు. ఉద్యోగం ఇంటర్వ్యూలోనూ అదే అడుగుతారు. పైచదువుకు ఐఐటీల్లో ఎంటెక్ ఉంది, దానికి గేట్ రాయాలి.

పైథాన్ సంగతికొస్తే, చుట్టాల మాట కూడా వినొచ్చు. ఆ 10 మి.మీ. కొలతలకు గ్రాఫ్ గీయడంతోనే మొదలుపెట్టమనండి. బ్యాక్‌లాగులు పడితే మాత్రం షెడ్డు తాళం మీ కొంగున కట్టుకోండి.

ఇంకొక్కటి. ఉత్త జాకీ మీద కారు నిలబెట్టి కింద దూరుతున్నాడేమో ఈరోజే చూడండి. దూరుతుంటే ముందు కారును మోసే జాకీ స్టాండ్లు నాలుగు కొనివ్వండి.