కొత్త సంచి కొనకండి, ఉన్నది తగిలించుకెళ్లండి

ప్రశ్న: ప్లాస్టిక్ కవర్లు మానేద్దామని గుడ్డ సంచులు కొనడం మొదలుపెట్టాను. తీరా బయల్దేరేటప్పుడు మరిచిపోతాను, దుకాణంలో మళ్లీ ఇంకోటి కొంటాను. ఇప్పుడు అలమరా నిండా సంచులే! పైగా కవర్లు లేక చెత్తబుట్టలో ఏం పరచాలో తోచడం లేదు. నేను చేస్తున్నది మంచిదేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: కవర్లు మానడం మంచిదేనమ్మా. సంచులు కొనడం మాత్రం ఇవాళే ఆపేయండి. పత్తి పండాలంటే బోలెడు నీళ్లు, ఎరువులు కావాలి. వడకడానికీ నేయడానికీ కరెంటు కావాలి. బ్రిటన్‌లో ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో ఈ లెక్క తీసింది. భూమి వేడెక్కడం వరకే చూసినా, ఒక్కసారి వాడి పారేసే పల్చటి కవరు కంటే నూలు సంచి నయం అనిపించుకోవాలంటే దాన్ని 131 సార్లు వాడాలట. వారానికోసారి చొప్పున రెండున్నరేళ్లు! మీ అలమరాలో ఉన్న ప్రతి సంచికీ విడివిడిగా ఇదే లెక్క.

ఇంకో సంగతి. గుడ్డ సంచి అని ఇచ్చేవన్నీ గుడ్డవి కావు. వెలుతురుకు పట్టి చూడండి. అడ్డం, నిలువు దారాలు కనిపిస్తే నేత గుడ్డ. దారాలు లేకుండా చిన్న చిన్న చుక్కల అచ్చు ఉంటే అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. అలాగని పారేయకండి. అదే లెక్క ప్రకారం దానికి 11 సార్లు చాలు. ఎండలో మాత్రం వదిలేయొద్దు, పొడిపొడిగా రాలిపోతుంది.

మరిచిపోవడానికి కారణం మీ మతిమరుపు కాదు, ఆ అలమరా. నేను సామాను సర్దిన వెంటనే ఖాళీ సంచిని చెప్పుల స్టాండు పక్కన కొక్కేనికి తగిలిస్తాను. హ్యాండ్‌బ్యాగులో ఇంకోటి మడిచి ఉంచుతాను. సంచి ముందుగా తెగేది చెవుల దగ్గరే. అక్కడ చదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా రెండు కుట్లు వేయండి, ఏళ్ల తరబడి ఆగుతుంది.

చెత్తబుట్ట గురించి టెన్షన్ వద్దు. పొడి చెత్తకు అడుగున ఏమీ అక్కర్లేదు. తడి చెత్తలో నీళ్లు వార్చేసి, బుట్టలో పాత న్యూస్‌పేపరు పరిచి వేయండి. కవరులో మూటకడితే గాలాడక కుళ్లి, వాసన ఇంకా ఎక్కువవుతుంది. వీలుంటే ఆ తడి చెత్తను ఎండుటాకులతో కలిపి కుండీలో కంపోస్టు చేయండి. బయటికి వెళ్లే చెత్త బాగా తగ్గిపోతుంది.

మూడు సంచులు ఉంచుకుని, మిగతావి ఉతికి మీ దుకాణదారుకే ఇచ్చేయండి. సంచి మరిచిపోయి వచ్చినవాళ్లకు ఇస్తారు.