డ్యూమాంట్ మూతపడింది ప్రోగ్రామ్స్ బాలేక కాదు

తమ్ముడూ, అమెరికాలో ఒకప్పటి టీవీ నెట్‌వర్క్ డ్యూమాంట్ షోలు బాలేక మూతపడిందని ప్రాజెక్ట్‌లో రాస్తే మీ సర్ కొట్టేశారన్నావు కదా, సర్ చేసింది కరెక్టే, ఆ పాయింట్ తీసెయ్. కమెడియన్ జాకీ గ్లీసన్ టీవీలో పెద్ద స్టార్ అయింది అక్కడే, 1952లో పోటీ నెట్‌వర్క్ సీబీఎస్ వాళ్లు ఎక్కువ డబ్బు చూపించి ఎగరేసుకుపోయారు, అది వేరే బాధ.

అసలు గొడవ స్టేషన్లది, నెట్‌వర్క్ షోలు జనానికి చేరేది ఆయా ఊళ్ల స్టేషన్ల ద్వారానే కదా. అప్పట్లో ఒక కంపెనీ చేతిలో ఐదు స్టేషన్లకి మించి ఉండకూడదు. డ్యూమాంట్‌కి న్యూయార్క్, వాషింగ్టన్, పిట్స్‌బర్గ్‌లో మూడున్నాయి, కానీ డ్యూమాంట్‌లో సినిమా కంపెనీ పారమౌంట్‌కి వాటా ఉంది కాబట్టి వాళ్ల లాస్ ఏంజిల్స్, షికాగో స్టేషన్లు కూడా నీ ఖాతాలోవే అని లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ లెక్కేసింది, దాంతో ఐదూ నిండిపోయాయి, అంటే తిన్నది ఒకడు బిల్లు ఇంకొకడికి!

దానికి తోడు 1948 నుంచి 1952 దాకా కొత్త లైసెన్సులు ఆపేశారు, చాలా ఊళ్లలో ఒకటో రెండో స్టేషన్లే, వాళ్లేమో రేడియో రోజుల నుంచి తెలిసిన ఎన్‌బీసీ, సీబీఎస్ వైపే పోయారు, డ్యూమాంట్‌కి రేడియో నెట్‌వర్కే లేదు. ఆ ఆపుదల తీశాక మిగిలింది ఎక్కువగా యూహెచ్‌ఎఫ్ ఛానెల్స్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలో వచ్చేవి), విడిగా కన్వర్టర్ కొనకపోతే చాలా సెట్లలో అవి రానే రావు.

బంగారు బాతు లాంటి పిట్స్‌బర్గ్ స్టేషన్‌ని 1954 చివర్లో వెస్టింగ్‌హౌస్ కంపెనీకి 97.5 లక్షల డాలర్లకి అమ్మేశారు, అక్కడితో నడుం విరిగిపోయింది. 1956 ఆగస్టు 6న ఒక బాక్సింగ్ మ్యాచ్‌తో ఆఖరు. స్టేషన్ల లెక్క ముందు పెట్టి, గ్లీసన్ సంగతి తర్వాత రాయి.